మన పాఠశాలకు దూరదర్శినిని కొనవలెనా, చేయవలెనా?

నా యింట నున్న చిన్న దూరదర్శినిగుండ చంద్రుని చూచిన నాటినుండి మన విద్యార్థులు కొందరు, పాఠశాలకు కూడ మంచి దూరదర్శిని యొకటి కావలెనని కోరుచున్నారు. తలిదండ్రులలో ననేకులు ఇందులకై చందాలిచ్చుటకు సంసిద్ధులై యున్నారు. కోరిక యుత్తమమైనది; దానిని నేను మనఃపూర్వకముగా నభినందించుచున్నాను. కాని యా ధనముతో నేమి చేయవలెనను విషయమున మాత్రము నా యభిప్రాయము పలువురి యభిప్రాయముతో నేకీభవించుట లేదు. సిద్ధమైన యంత్రమును అంగడినుండి తెప్పింపక, గాజుబిళ్లలను తెప్పించి మన బాలబాలికలచేతనే దానిని చేయింపవలెననియు, అదియు నొకచోట స్థిరముగా నాటబడినది గాక ఊరూరికి మోసికొనిపోదగినదై యుండవలెననియు నా మనవి. ఇందులకు గల కారణములను ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాను.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో పనిచేసిన యొక పాఠశాలయందు ఇత్తడిగొట్టముగల దుర్భిణి యొకటి యుండెను. అది ఖరీదైనది. కావుననే దానిని అద్దాల బీరువాలో నుంచి తాళము వేసిరి. తనిఖీకి వచ్చిన యధికారులకు దానిని చూపుచుండిరి. ఏటేట సామానుల జాబితాలో దాని పేరు వ్రాయుచుండిరి. నేనచ్చట నున్న మూడేండ్లలో అది యాకాశమును చూచిన రాత్రి యొక్కటియు లేదు. ఇందుకు ఇతరులను నిందింపజాలను. ఏలయన ఆ బీరువా తాళపుచెవి ఒక సంవత్సరము నాయొద్దనే యుండెను. పిల్లలు ముట్టిన చెడిపోవునను భయము నన్నును పట్టుకొనెను. చెడినచో బాగుచేయుట యెట్లో నాకు తెలియదు. బాగుచేయ నేరని వస్తువును వాడుటకు మనుష్యుడు జంకును. ఆ జంకువలన ఎందరు పిల్లలు చంద్రుని కొండలను చూడకయే బడి విడిచిపోయిరో తలచుకొన్నప్పుడెల్ల నాకు సిగ్గు కలుగుచుండును.

దర్పణముతో చేయబడు దూరదర్శిని మొదటినుండియు చేతిపనివలన పుట్టినదే. 1668లో న్యూటను తానే లోహమును కరగించి, తానే మెరుగుపెట్టి, సుమారు ఆరంగుళముల పొడవుగల మొదటి దర్పణ దూరదర్శినిని చేసెను. ఇంగ్లండులోని బాత్ పట్టణమున నొక ప్రార్థనాలయములో ఆర్గను వాయించి జీవించిన విలియం హెర్షెల్, పగలు సంగీతము నేర్పి, తీరిక దొరకినప్పుడెల్ల అద్దములకు మెరుగుపెట్టుచుండెను. ఒకప్పుడు పదునారు గంటలకాలము చేయి తీయక మెరుగుపెట్టవలసి రాగా, చెల్లెలు కారొలీన్ అతని నోటికి ఆహారము నందించుచుండెను. అట్లు స్వహస్తములతో చేసికొన్న ఆరంగుళముల దర్పణముతోనే అతడు 1781 మార్చి 13వ తేదీ రాత్రి తన యింటి తోటనుండి యురేనస్ గ్రహమును కనుగొనెను. ఆ చెల్లెలు వట్టి సహాయకురాలుగా నిలిచిపోలేదు. 1786 మొదలు 1797 వరకు ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టెను. ఇది మగపిల్లల పని యని తలచు తలిదండ్రులు ఈ సంగతి నాలోచింతురు గాక.

ఇంక మన కాలమునకు సమీపుడైన జాన్ డాబ్సనును గూర్చి చెప్పెదను. ఇతడు 1915లో చైనాలోని పెకింగు పట్టణమున మిషనరీ కుటుంబమునందు జన్మించెను. పిమ్మట అమెరికాలో వేదాంతమఠమున సన్న్యాసియై యుండి, చేత ధనము లేనందున ఓడకిటికీల గాజును అరగదీసి దర్పణములుగా చేసెను. అట్టపెట్టెల గొట్టములను, పనికిరాని చెక్కలను కూర్చి వానికి శరీర మిచ్చెను. రాత్రివేళ వానిని వీధులలోనికి దొర్లించుకొనిపోయి దారిన పోవువారిని పిలిచి చంద్రుని చూపుచుండెను. 1967లో మఠము విడువవలసి వచ్చినను ఆ పనిని విడువలేదు. 2014లో మరణించువరకు అదియే యాతని వ్రతము. చెక్కపెట్టెలో కూర్చుండి ఎటు త్రోసిన నటు తిరుగు ఆతని యంత్రపీఠము నేడు లోకమంతట ఆతని పేరనే పిలువబడుచున్నది. మనకు కావలసినది అట్టి దూరదర్శినియే.

ఆరంగుళముల వ్యాసము, అంగుళము మందము గల గాజుబిళ్లలు రెండు కావలెను. ఇసుక నింపిన నూనెపీపాపై నొకదానిని బిగించి, కార్బొరండము పొడిని నీటితో తడిపి చల్లి, రెండవదానిని దానిపై ముందునకు వెనుకకు నడపవలెను. నడపువాడు పీపాచుట్టు మెల్లమెల్లగా తిరుగుచుండవలెను. ఇట్లు చేయగా పైబిళ్ల నడుమ పల్లమగును, క్రిందిబిళ్ల ఉబ్బును. మన యిండ్లలోని సన్నెకల్లు ఏండ్లతరబడి నూరగా నడుమ నరిగి పల్లమగుట మీరు చూచియే యున్నారు. ఎటు జరిపినను ఒకదాని నొకటి అన్నిచోట్ల అంటియుండు వంపు గోళపు వంపే కావున, ఎత్తైన చోట్లు వానియంతట నవియే యరిగి, అనుభవము లేని పిల్లవానిచేతిలో సైతము చక్కని గోళాకారము సిద్ధించును. నాలుగడుగుల నాభ్యంతరము గల యా దర్పణమునకు నడుమ కావలసిన పల్లము సుమారు 1.2 మిల్లీమీటరు మాత్రమే.

ముతకపొడినుండి సన్నపొడికి, దానినుండి మరింత సన్నపొడికి పోవలెను. పొడి మార్చినప్పుడెల్ల బిళ్లలను, పీపాను, చేతులను, గోళ్ల సందులను సైతము కడుగవలెను. ముతకగింజ యొక్కటి మిగిలిన వారము దినముల పని గీటుపడి పోవును. తుదకు పిచ్చు అను నల్లని మెత్తని పదార్థమును క్రిందిబిళ్లపై పోసి, సీరియం ఆక్సైడు పొడితో మెరుగుపెట్టవలెను. మన వేసవిలో ఈ పిచ్చు మధ్యాహ్నమునకు కరగి జారును. కావున మేము తెల్లవారుజామున వేగుచుక్కతో లేచి, ఎండ ముదరకమునుపే పని ముగించుచుంటిమి.

అసలు పాఠము ఇచ్చటనే ప్రారంభమగును. దర్పణపు తలముపై గల తప్పు మన తలవెండ్రుక మందములో సుమారు వేయవ వంతును మించరాదు. ఇంత స్వల్పమైన తప్పును ఎట్లు కనుగొందుము? 1858లో ఫూకో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి సులభమైన పరీక్ష కనిపెట్టెను. సూదిమొనంత రంధ్రముగుండ వచ్చు దీపపు వెలుగును దర్పణమునకు ఎనిమిదడుగుల దూరమున నుంచి, తిరిగివచ్చు వెలుగునకు గడ్డము గీచుకొను బ్లేడు నడ్డము పెట్టి చూడవలెను. అప్పుడు దర్పణముపై గల మిట్టపల్లములన్నియు ఒకప్రక్కనుండి వెలుగు సోకిన కొండలు లోయలవలె కన్పట్టును. గాజుపై నొక నిమిషము వ్రేలు పెట్టి తీసినచో, ఆ వేడిమికి ఉబ్బిన గుట్ట సైతము కనబడును. ఈ పరీక్ష యెదుట మాటకారితనము పనికిరాదు. చేసినవాడు ధనవంతుని బిడ్డయా, ఉపాధ్యాయుని ప్రియశిష్యుడా యని అది యడుగదు.

మూడేండ్ల క్రిందట నా యింటి వసారాలో ఐదుగురు విద్యార్థులతో ఈ పనిని ప్రారంభించితిని. వేసవిలో మొదలిడినది డిసెంబరు వరకు సాగెను. క్రిస్మసు సెలవులకు ముందు జరుగు వార్షికోత్సవమున యంత్రమును ప్రదర్శింపవలెనని నా ముచ్చట. ఉత్సవమునకు పది దినములున్నదనగా పరీక్ష చేయుచు దర్పణపు అంచు క్రిందికి వంగియుండుట గమనించితిని. గమనించియు నేమియు ననలేదు. చూచువారి కెవ్వరికిని తెలియదు. నక్షత్రములు కొంచెము మసకగా కనబడును, అంతియే గదా యని నాకు నేనే చెప్పుకొంటిని. లెక్కలలో నెన్నడును మంచి మార్కులు తెచ్చుకొనని యొక పిల్లవాడు నా తరువాత బ్లేడువద్ద కన్నుంచి చాలసేపు చూచెను. పిమ్మట మెల్లగా, "మాస్టరుగారూ, అంచు వంగియే యున్నది గదా! ఇది పూర్తియైనదని యెట్లందుము?" అని యడిగెను.

ఆ క్షణమున నాకు కోపము రాలేదని చెప్పిన అసత్యమగును. కాని యేమని బదులు చెప్పుదును? సత్యము చెప్పవలెనని తరగతిలో బోధించువాడను నేను. దానిని చెప్పినవాడు వాడు. సన్నపొడి నూరుటనుండి మరల ప్రారంభించితిమి. ఉత్సవమున మా బల్ల ఖాళీగా నుండెను. ఫిబ్రవరిలో దర్పణము పరీక్షకు నిలిచెను. దానికి అల్యూమినియము పూత వేయించి, గొట్టమున నమర్చితిమి.

మొదటి రాత్రియే దానిని ఆ పిల్లవాని గ్రామమునకు తీసికొనిపోతిమి. గొట్టము నొకరు, పెట్టె నొకరు ఎత్తుకొని బస్సులో నెక్కించితిమి. దిగినపిమ్మట చేలగట్లపై మోసితిమి. ఇంటి ముంగిట దానిని నిలుపుటకు పది నిమిషములు పట్టలేదు. పిల్లవాని నాయనమ్మ మొట్టమొదట కన్నుంచి, "చందమామకు కూడ అమ్మవారు పోసినదా, నాయనా?" అని యడిగెను. తరగతిలో లేచి నిలిచి జవాబు చెప్పుటకు వణకు పిల్లవాడు, ఆ గుంటలెట్లు ఏర్పడినవో, వాని నీడ లేల పొడవుగా నున్నవో ఊరివారందరికి వివరించెను. మృగశిరలోని వెలుగుమబ్బును, పిల్లలకోడిని నడిరాత్రివరకు చూపుచునే యుండెను. ఎవరును తాళపుచెవి యడుగలేదు.

నా మాటకు మూడు ఆక్షేపణలు వినుచున్నాను. మొదటిది ఖర్చు. నేడు సిద్ధమైన యంత్రము చేసికొనుదానికన్న చౌకగానే దొరకవచ్చునని కొందరందురు. అది నిజమే, నేను కాదనను. కాని యంత్రమే కావలసినయెడల కొనుడు. యంత్రమును చేయగలవారు కావలెననినచో వారు అంగడిలో దొరకరు. రెండవది పరీక్షల భయము. వారమునకు రెండు ఉదయములు దీనికిచ్చుట నష్టమని నేను తలపను. కాంతి పరావర్తనమును పుస్తకమున చదివి మరచినవారిని ఎరుగుదును గాని, దర్పణమును అరగదీసి మరచినవానిని ఎరుగను. మూడవది, ఇంత సూక్ష్మమైన పని మనవారికి చేతనగునా యను సందేహము. జవ్వాది కొండలలోని కావలూరున 1986లో నెలకొల్పబడిన 2.34 మీటర్ల దూరదర్శిని యొక్క దర్పణమును బెంగుళూరులో మనదేశపు పనివారే అరగదీసి మెరుగుపెట్టిరి. ఆ యంత్రమునకు పూనుకొని, అది పూర్తికాకమునుపే 1982లో మరణించిన వైనుబప్పుగారు హైదరాబాదులో పెరిగినవారు. వారి తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేసినవారు. పెద్ద దర్పణమును చేసిన చేతులును ఒకనాడు చిన్నదానితో నేర్చినవియే గదా.

ఒక్క హెచ్చరికను మాత్రము తలిదండ్రులును, పిల్లలును మరువరాదు. ఏ దూరదర్శినినైనను సూర్యునివైపు త్రిప్పి చూడరాదు. రెప్పపాటులో కన్ను పోవును. కావుననే పగటివేళ దానిని గుడ్డతో కప్పి యుంచవలెను. అది తప్ప దానికి మరియే తాళమును వద్దు.

కావున కార్యనిర్వాహకులకు నా విన్నపము ఇది: చందాధనముతో ఒక్క గొప్ప యంత్రమును కొని బీరువాలో పెట్టుటకు మారుగా, ఏటేట ఒక జత గాజుబిళ్లలను కొనుడు. ప్రతి సంవత్సరము ఐదారుగురు బాలబాలికలు ఒక దర్పణమును సిద్ధముచేసి, మరుసటి జట్టునకు పని నేర్పి వెళ్లుదురు గాక. అట్లు తయారైన యంత్రములు సెలవులలో వారి వారి గ్రామములకు పోయి రావలెను. ఐదేండ్లకు మనకు ఐదు దూరదర్శినులుండును. అంతకన్న ముఖ్యముగా, తమ పనిలోని తప్పును ఇతరులకన్న ముందు తామే చూచి, "ఇది ఇంకను పూర్తికాలేదు" అని చెప్పగల పిల్లలు పాతికమంది యుందురు. ఆ మాట చెప్పుటకు నాకు నలువది యేండ్లు దాటిన పిమ్మట నొక శిష్యుడు నేర్పవలసి వచ్చెను. మన పిల్లలు దానిని ఇంకను చిన్ననాటనే నేర్చికొందురు గాక.