రికార్డులో కొట్టివేతలుంటే కోప్పడకండి

పోయిన పేరెంట్స్ మీటింగులో ఒక తల్లిగారు అడిగారు: "మేడం, ఆ చక్రానికి బరువు కట్టి తిప్పడం పరీక్షలో వస్తుందా?"

పదో తరగతి పబ్లిక్‌లో రాదండి. అదే చెప్పాను. రొటేషనల్ మోషన్ ఇంటర్ మొదటి సంవత్సరం పాఠం, జేఈఈలోనూ ఉంది. ఫౌండేషన్ పిల్లలు ఫార్ములా ఇప్పటికే అప్పజెప్పేస్తారు. నా దిగులు అక్కడే.

దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్లో కాలవ గట్టున నీళ్లు తోడే పాత డీజిల్ ఇంజన్ ఉండేది. ఆపేశాక కూడా దాని బరువైన చక్రం కాసేపు తిరుగుతూనే ఉండేది. అదే ఫ్లైవీల్. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో శక్తి పుట్టేది ఒక్క స్ట్రోకులోనే, మిగతా మూడింటినీ ఆ చక్రమే లాక్కెళ్తుంది. తిరిగే చక్రం ఆగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే కొలతే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా.

ల్యాబ్‌లో 3 సెంటీమీటర్ల మందం ఇరుసుకు తాడు 8 చుట్లు చుట్టి, అర కిలో బరువు వేలాడదీసి వదిలాం. తాడు ఊడిపోయాక చక్రం 40 చుట్లు తిరిగి 45 సెకన్లకు ఆగింది. బరువు దిగుతూ ఇచ్చిన శక్తి, చక్రం అందుకున్న వేగం తెలిస్తే జవాబు వచ్చేస్తుంది. మొదటి బ్యాచ్‌కి 0.06 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ వచ్చింది. బేరింగ్ రాపిడిని మరిచిపోయారు! బరువిచ్చిన శక్తినంతా చివరికి రాపిడే మింగింది, మొత్తం 48 చుట్లలో. చుట్టుకింత అని లెక్కేస్తే, బరువు దిగిన 8 చుట్ల వాటా, అంటే ఆరో వంతు, చక్రానికి చేరనేలేదు. అది తీసేస్తే 0.05. పుస్తకంలో ఒక లైనులో ఉండే ఈ సంగతి పిల్లలకు ఆగిన చక్రం ముందు నిలబడితేనే తట్టింది.

రెండో బ్యాచ్‌కి 37 చుట్లే వచ్చాయి. పక్కవాళ్ల 40 చూసి, రబ్బరుతో చెరిపి 40 వేసేశారు. వాళ్లనేం అనను. బీఎస్సీలో ఇదే ప్రయోగానికి సీనియర్ల రికార్డు చూసి అంకెలు రాసుకున్నదాన్ని నేనూ. బరువు ఎలా దిగిందో ఇప్పటికీ గుర్తులేదు, మార్కులు మాత్రం నిండుగా వచ్చాయి.

అందుకే ఇప్పుడు రీడింగులు పెన్నుతోనే రాయమన్నాను. తప్పయితే అడ్డగీత, పక్కన కారణం. దయచేసి ఇంట్లో "ఇంత అసహ్యంగా ఉందేంటి" అని ఫెయిర్ కాపీ చేయించకండి. కొట్టివేతలకు నేను మార్కులు తీయను, చెరిపితే తీస్తాను.

రెండో బ్యాచ్ మళ్లీ చేసింది. ఈసారి 38. అదే రాశారు.