గాలికి దారి

మే నెలలో రాయ్‌పూర్ ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు కొత్త కాదు. కూలర్లు తిరుగు రోజులలో మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటే: "కూలరు ఉన్నను ఉక్కపోత తగ్గదేమి?"

కూలరులోని ఫ్యాను చల్లదనమును పుట్టించదు, గాలిని కదిలించును. రెక్కలు గాలిని ముందుకు నెట్టగా వెనుక పీడనము తగ్గును. ఆ వెలితిని నింపుటకు బయటి పొడిగాలి, తడిసిన గడ్డి ప్యాడ్ల గుండా లోనికి వచ్చును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావలెను. ఆ వేడిని గాలి నుండియే గ్రహించుటచే గాలి చల్లబడును. దానితోపాటు తేమయు పెరుగును.

ఈ తేమగాలి వెలుపలికి పోవు దారి లేకున్న గదిలో పీడనము పెరిగి, ఫ్యాను తెచ్చు గాలి తగ్గును, ఉక్క మిగులును. కావున కూలరును బయటి కిటికీకి అమర్చి, ఎదుటి కిటికీని కొంత తెరచి ఉంచవలెను. తలుపులన్నియు మూయుట ఎయిర్ కండిషనరుకు తగిన పద్ధతి. అది గదిలోని గాలినే మరల మరల చల్లబరచును. వానాకాలమున బయటి గాలియే తేమగా ఉండును గనుక, నీటి పంపు ఆపి ఫ్యాను మాత్రమే వాడుట మేలు.

ఇంటిల్లిపాదికి మా మనవి మరొకటి. నీరు పోయుటకు ముందు స్విచ్చి ఆపిన చాలదు, ప్లగ్గు తీయవలెను. ఎర్తింగు లేని ఇనుప కూలరును తడిచేతితో తాకుట ప్రాణాపాయము. వేసవికి ముందే ఎలక్ట్రీషియనుచే ఎర్తింగును పరీక్ష చేయించుకొనవలెనని కోరుచున్నాము.