మోటారుబండ్ల దొంగతనము: నింద యెవరిది?

ఒక మోటారుబండి పోయినదని వినగానే లోకము మొదట అడుగునది “ఎట్లు పోయినది?” అని కాదు, “ఏ పేటలో పోయినది?” అని. పేట పేరు చెప్పినంతనే విచారణ ముగిసినట్లే. అట్టి చోట బండి నిలిపితివేల యని యజమానికొక మందలింపు. అచటివారందరును అట్టివారే యని పేటకంతటికి ఒక ముద్ర. ఇంతటితో పోలీసువారి బాధ్యత తీరును. బండి చేసి అమ్మినవారి బాధ్యత తీరును. పొరుగుననున్న పెద్దమనుష్యుల మనస్సు కుదుటపడును. ఈ తీర్పు న్యాయసమ్మతము కాదని మా యభిప్రాయము. ఇటీవల అమెరికా, కెనడా దేశములలో జరిగిన సంగతులను, మన దేశములోని యనుభవమును జాగ్రత్తగా పరిశీలించినచో నింద చేరవలసిన తావులు వేరుగా కనబడును. ఆ తావులు తెలిసినగాని బండిని కాపాడుకొను మార్గమును తెలియదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విస్కాన్సిన్ రాష్ట్రమున, మిచిగన్ సరస్సు తీరమున మిల్వాకీ యను నగరమున్నది. అది యొకప్పుడు కర్మాగారములకు పేరుగన్న యూరు. వానిలో అనేకము మూతపడుటచే కొన్ని పేటలలో నిరుద్యోగము, దారిద్ర్యము పాతుకొనినవి. 2021వ సంవత్సరమున ఆ యొక్క నగరములోనే 10 వేలకు పైగా మోటారుబండ్లు అపహరింపబడెను. అంతకు ముందటి యేటికంటె ఇది రెండింతలకు మించిన లెక్క. పోయినవానిలో సుమారు మూడింట రెండు వంతులు హ్యుందాయ్, కియా యను రెండు కంపెనీల బండ్లే. దొంగిలించినవారిలో పెక్కురు పదునెనిమిదేండ్లు నిండని బాలురు. స్టీరింగు క్రింది తొడుగును ఊడదీసి, తాళము త్రిప్పు భాగమును పెరికి, సెల్‌ఫోనునకు వాడు సామాన్యమైన యూఎస్‌బీ తీగ కొనను అందు దూర్చి త్రిప్పినచో బండి కదలును. వీరు అనేక పర్యాయములు బండిని అమ్ముకొనుటకు గాక, వేగముగా తోలి వినోదించి, ఎచటనో పారవేయుటకే తీసికొనిపోయిరి. 2022లో ఈ విద్య టిక్‌టాక్ చిత్రముల మూలమున దేశమంతట ప్రాకినది.

పెద్దలు పేటను నిందించిరి, బాలురను నిందించిరి, వారి తలిదండ్రులను నిందించిరి. బాలురు చేసినది నేరమే; దానిని మేము సమర్థింపము. కాని ఆ రెండు కంపెనీల బండ్లే అంత సులభముగా ఏల చిక్కినవి? ఇంజనును కదలనీయక ఆపు ఇమ్మొబిలైజరు అను పరికరమొకటి గలదు. తాళపుచెవిలో నిమిడియున్న చిన్న చిప్ పంపు సంకేతము బండిలోని కంప్యూటరు గుర్తుతో సరిపడిననే ఇంజను నడచును. లేకున్న తాళమును ఎట్లు త్రిప్పినను ప్రయోజనముండదు. 2015వ సంవత్సరపు నమూనాలలో ఇతర కంపెనీల బండ్లలో నూటికి 96 రకములకు ఈ పరికరము కర్మాగారముననే అమర్పబడియుండగా, ఈ రెండు కంపెనీల బండ్లలో నూటికి 26 రకములకు మాత్రమే ఉండెనని అచటి భీమా పరిశోధకులు తేల్చిరి. అమెరికాలో దీనిని నిర్బంధించు చట్టము లేదు. కెనడాలో 2007 నుండి క్రొత్త బండ్లకు ఇది నిర్బంధము. కావున ఆ కంపెనీలే కెనడాలో అమ్మిన బండ్లకు దానిని అమర్చినవి. అచట ఆ తీగ విద్య పారలేదు. సరిహద్దుకు ఈవల దొంగలును, ఆవల సాధువులును పుట్టుదురా? పుట్టరు. ఈవల చట్టము లేదు, ఆవల కలదు. భేదమింతియే.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు 2023 ఫిబ్రవరిలో గాని చికిత్స ప్రకటింపబడలేదు. సుమారు 83 లక్షల బండ్లకు సాఫ్టువేరును ఉచితముగా మార్చెదమని కంపెనీలు అంగీకరించెను. ఈ దొంగతనములకు సంబంధించి కనీసము 14 ప్రమాదములు జరిగి, 8 మంది మరణించినట్లు అమెరికా రహదారి భద్రతా శాఖవారే ఆనాడు ప్రకటించిరి. ఈ లోపల నష్టపడినవారెవరు? ఆ బండ్లు చవుకవగుటచే కొనినవారు కూలిపనివారు, చిరుద్యోగులు, విద్యార్థులు. మన పట్టణములలోవలె అచట అడుగడుగున ఆటోలుండవు; బండి పోయిన మరునాడే పనికి పోవు దారి మూసికొనిపోవును. పులిమీద పుట్రవలె, 2023 ఆరంభమున కొన్ని భీమా కంపెనీలు కొన్ని నగరములలో ఆ బండ్లకు క్రొత్తగా భీమా ఇచ్చుటకే నిరాకరించినవి. కర్మాగారమున మిగిల్చిన కొలది డాలర్ల వ్యయమును చివరకు పేదవాడు బండితోను, పనితోను చెల్లించెను. చదువులకై ఆ దేశమునకు పోయి పాతబండ్లు కొను మన తెలుగు బాలురు దీనిని గమనింపవలెను. 2011 మొదలు 2022 వరకు తయారైన ఈ రెండు కంపెనీల బండి, అందును తాళపుచెవి త్రిప్పి నడుపునది, కొనుచున్నచో దానికి ఈ మార్పు జరిగినదో లేదో బండి నెంబరు చెప్పి కంపెనీ దుకాణమున విచారించి మరీ కొనవలెను.

దొంగతనము పేదపేటల జబ్బు మాత్రమేయను భ్రమ ఎవరికైన మిగిలియున్నచో, వారు కెనడా వైపు చూచెదరుగాక. తాళము త్రిప్పు బండ్లను కాపాడిన ఆ దేశమే తాళము త్రిప్పనక్కరలేని ఖరీదైన బండ్ల విషయమున ఓడిపోయినది. టొరాంటో నగర పరిసరములలో శ్రీమంతుల యిండ్లయెదుట నిలిపిన బండ్లు రాత్రికి రాత్రి మాయమైనవి. తలుపు లోపల బల్లమీదనున్న తాళపుచెవి వెలువరించు రేడియో సంకేతమును ఒక పరికరముతో అందుకొని, మరియొక దానితో బండి చెంతకు చేర్చి, యజమాని దగ్గరనున్నాడని బండిని నమ్మించుట వారి పద్ధతులలో నొకటి. అట్లు పోయిన బండ్లలో అనేకము మాంట్రియల్ రేవున ఇనుపపెట్టెలలో చేరి సముద్రములు దాటినవి. 2023లో దొంగిలింపబడిన బండ్లకై అచటి భీమా కంపెనీలు 150 కోట్ల కెనడా డాలర్లకు పైగా చెల్లించినవి. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమువారు ఒట్టావాలో జాతీయ సమావేశమునే జరుపవలసివచ్చెను. ఆ శ్రీమంతుల వీథులను దొంగల వీథులని మాత్రము ఎవరును పిలువలేదు. ముద్రలు పడునది పేదల నొసటనే.

ఈ ముద్రవేయు విద్య మన తెలుగునాట క్రొత్తది కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరజాతుల చట్టమును కల్పించెను. 1911లో అది చెన్నపురి రాజధానికిని వ్యాపించెను. పుట్టుకను బట్టియే మనుష్యుని దొంగయని పుస్తకములో వ్రాసికొనిన చట్టమది. నేటి బాపట్ల జిల్లాలోని స్టువార్టుపురము ఆ చట్టపు నీడలో, ఎరుకలవారిని కాపలాలో నుంచుటకై వెలసిన వాడ. దాని యజమాయిషీ సాల్వేషన్ ఆర్మీ వారిది. దాని పేరు చెన్నపురి ప్రభుత్వములోని యొక దొరది. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును రద్దు చేసినది. అయినను ఆ యూరి పేరు చెప్పినచో నేటికిని పెదవి విరుచువారు గలరు. ఆ పేరు చలనచిత్రములకును ఎక్కినది. అచట పుట్టి చదువుకొని ఉద్యోగమునకు పోవు పిల్లవాడు తన యూరి పేరు చెప్పుటకు జంకవలసిన దుస్థితికి కారణము ఆ పిల్లవాడా? దొరలు వేసిన ముద్రను దొరలు పోయిన పిదపను మనమే చెరపకుంటిమి. బండి పోయినప్పుడెల్ల ఒక పేటను వ్రేలితో చూపుట ఆ పాత చట్టమును నోటితో తిరిగి ప్రకటించుటయే యని మేము భావించుచున్నాము.

నింద చేరవలసిన మరియొక తావు దొంగసొమ్ము కొను దుకాణము. బండిని దొంగిలించినవాడు దానిని దాచుకొని తినలేడు. కొనువాడు లేనిదే దొంగసొత్తు మోయలేని బరువు. ఉత్తరప్రదేశమున మీరట్ నగరములోని సోతీగంజ్ బజారు దొంగిలించిన బండ్లను విప్పి ముక్కలుగా అమ్ముటకు దేశమంతట అపకీర్తి గాంచినది. 2021 డిసెంబరులో పోలీసువారు దుకాణములను మూయించువరకు అది బహిరంగముగానే సాగినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 303వ విభాగమున దొంగతనమునకు మూడేండ్ల వరకు శిక్ష విధించినది. దొంగసొత్తని తెలిసి పుచ్చుకొనువానికిని 317వ విభాగమున అంత శిక్షయే గలదు. రసీదు లేని పాత ఇంజను, పాత చక్రము సగము ధరకు దొరకినదని సంతోషించు పెద్దమనిషి తన బండిని దొంగిలింపబోవువానికి తానే బయానా ఇచ్చుచున్నాడు. పాతబండి కొనువారు ఇంజను నెంబరును, చట్రము నెంబరును రిజిస్ట్రేషను పత్రముతో పోల్చి, ప్రభుత్వ పరివాహన్ దప్తరములో సరిచూచుకొనవలెను.

ఇక యజమాని తన చేతిలోనున్న పని చేయవలెను. దొంగకు కావలసినవి మూడు: చీకటి, తీరిక, నిశ్శబ్దము. ఈ మూటిని అతనికి లేకుండ చేయుటయే రక్షణోపాయముల సారాంశము. రాత్రి బండిని సందుచివర గాక, దీపము క్రింద, జనులు మసలు వాకిలి యెదుట నిలుపవలెను. స్టీరింగునకు కంటికి కనబడు గట్టి ఇనుప తాళము వేయవలెను. దానిని కోయవచ్చును గాని కోయుటకు కాలము పట్టును, కాలమే దొంగకు శత్రువు. గేరునకు తాళము, ఇంధనపు పంపునకు విద్యుత్తును ఆపు రహస్యపు స్విచ్చి తక్కువ ఖర్చుతో మంచి మెకానిక్కు అమర్చగలడు. ఆ స్విచ్చి యెచట నున్నదో ఊరంతకు చెప్పుకొనరాదు. కదలించిననే కేకపెట్టు గంటయు, బండి యెచట నున్నదో తెలుపు జీపీఎస్ పరికరమును ఉన్న మేలు. కాని రెండవది బండి పోయిన పిదప పనికివచ్చునది గనుక మొదటివానికి బదులు కాజాలదు. తాళము త్రిప్పనక్కరలేని బండి గలవారు తాళపుచెవిని లోహపు పొరగల సంచిలో నుంచవలెను. చెవి సంచిలో నుండగా బండి ప్రక్క నిలిచి తలుపు లాగి చూడుడు. తెరచుకొనినచో ఆ సంచి పనికిమాలినది. రెండవ తాళపుచెవిని బండిలోనే దాచుట, రెండు నిమిషములే గదా యని ఇంజను నడుచుచుండగా దిగిపోవుట, సంచులను, ఫోనులను పైకి కనబడునట్లు వదలుట దొంగను చేయిపట్టి పిలుచుటయే.

భీమా విషయమున మనవారి యజ్ఞానము విచారకరము. చట్టము నిర్బంధించు మూడవపక్షపు భీమా ఇతరులకు కలిగిన నష్టమునకే గాని పోయిన మన బండికి ఒక్క రూపాయి నీయదు. సమగ్ర భీమా చేసినవారికే బండి విలువ ముట్టును. బండి పోయినచో ఆ గడియనే పోలీసువారికి ఫిర్యాదిచ్చి, భీమా కంపెనీకి తెలుపవలెను. పోలీసువారికి వెంటనే తెలిపినచో, కంపెనీకి తెలుపుటలో ఆలస్యమైనదన్న కారణముననే సొమ్ము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. రెండు తాళపుచెవులను అప్పగింపుమని కంపెనీ అడుగును గనుక రెంటిని భద్రపరచుకొనవలెను.

అన్నింటికంటె గట్టి తాళము మరియొకటి గలదు. పేరు చెడిన పేటలో బండి నిలుపవలసివచ్చినవాడు అచటివారిని అనుమానించుచు, ముఖము చిట్లించుకొని పోవుటకంటె, వీథిచివర టీకొట్టువానితోను, రాత్రి కాపలావానితోను, ఎదురింటి ముసలమ్మతోను పరిచయము చేసికొనుట మేలు. తెల్లవారుజామున అపరిచితుడు బండి తలుపు లాగుచున్నచో కేకవేయునది వారు. ఆ పేటలో మొదట నష్టపడినవారును వారే. వారి ఆటోలు, వారి మోటారుసైకిళ్లు పోయినప్పుడు పత్రికలలో పంక్తియైనను పడదు. వారిని దొంగలని తలచువానికి వారు కాపలా కాయుదురా?

కావున మేము కోరునవి స్పష్టముగా చెప్పుచున్నాము. చోరనిరోధక పరికరము చవుకబండికిని ఖరీదుబండికిని సమానముగా ఉండునట్లు ప్రభుత్వము చూడవలెను. 2019 ఏప్రిల్ నుండి క్రొత్త బండ్లకు నిర్బంధమైన హెచ్చు భద్రతగల నెంబరుపలకలు పాతబండ్లకును తప్పక అమర్పబడవలెను. పాతసామానుల దుకాణములలో లెక్కపుస్తకములు తనిఖీ కావలెను. మున్సిపాలిటీవారు పెద్దవీథులలో దీపములు పెంచుకొనుచు పేదపేటలను చీకటికి వదలుట మానవలెను. పోలీసువారు అచటికి నిందితులను వెదకుటకు మాత్రమే గాక, ఫిర్యాదులు వినుటకును పోవలెను. తన బండికి తాళము వేసికొనుట యజమాని ధర్మము. ఆ తాళము సరియైనదిగా చేయుట కంపెనీ ధర్మము, వీథికి దీపము పెట్టుట ప్రభుత్వ ధర్మము. ఈ మూడు ధర్మములు నెరవేరకముందే పేటపై తీర్పు చెప్పు అధికారము ఎవరికిని లేదు.