పుట్టువెంట్రుకలకు అంత తొందరెందుకు?

బిడ్డకు తొమ్మిదో నెల వచ్చిందంటే ఇంట్లో పెద్దల లెక్కలు మొదలవుతాయి. ఏడాదిలోపు తీయించకపోతే మళ్లీ మూడో ఏడు దాకా ఆగాలని నాయనమ్మ, మేనమామకు సెలవు దొరకాలి కదా అని అమ్మమ్మ. కొందరికి తిరుమల మొక్కు, కొందరికి వేములవాడ రాజన్న, మరికొందరికి అన్నవరమో సింహాచలమో. అమెరికాలో ఉన్న కొడుకూ కోడలూ ఈ మొక్కు కోసమే సెలవు పెట్టి వస్తారు. రావడం కుదరకపోతే మగపిల్లలు పిలకలతోనే రెండు మూడేళ్లు గడిపేస్తారు.

మొక్కు మొక్కుగా ఉన్నంతవరకు పేచీ లేదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, ముందు ఆయన చేత కత్తెర వేయించి, నున్నటి గుండుకు గంధం పూసే వేడుక తెలుగు ఇళ్లకు ఎంతో ఇష్టమైనది. అది అలాగే సాగాలి. పేచీ అంతా ‘గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది’ అనే మాటతోనే.

అది నిజం కాదు. వెంట్రుక పుట్టే కుదుళ్లన్నీ బిడ్డ తల్లి కడుపులో ఉండగానే, ఆరో నెల నాటికి ఏర్పడిపోతాయి. కత్తి తగిలేది చర్మం పైన ఉన్న వెంట్రుకకే, లోపలి కుదురుకు కాదు. గీయడం వల్ల వెంట్రుక మందమూ మారదు, పెరిగే వేగమూ మారదని అమెరికా శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే పరిశీలించి చెప్పారు. మరి గుండు తర్వాత మొలిచే జుట్టు గట్టిగా ఎందుకు తగులుతుంది? సన్నని కొస తెగిపోయి మొండి అంచు మిగులుతుంది కాబట్టి. కోసిన వరిచేలో మోళ్లు కాలికి గరుగ్గా తగిలినంత మాత్రాన పైరు ఒత్తయినట్టు కాదు కదా! ఆచారం పాటించే సిక్కులు పిల్లల జుట్టుకు కత్తెరే తగలనివ్వరు. ఆ పిల్లల జుట్టుకు వచ్చిన లోటేమీ లేదు.

ఈ అపోహ బరువు ఎక్కువగా పడేది తల్లుల మీద. పుట్టినప్పటి జుట్టు మొదటి కొన్ని నెలల్లో దానంతటదే రాలుతుంది. వెల్లకిలా పడుకునే బిడ్డకు తల వెనక పలచబడటమూ మామూలే. దాన్ని చూపించి ‘నూనె సరిగా పెట్టలేదు, గుండు చేయించలేదు’ అని బాలింతను దెప్పడం అన్యాయం. ఒకసారి చాలదని ఏడాదికి రెండు మూడుసార్లు గుండు గీయించే ఇళ్లూ ఉన్నాయి. ఆ బిడ్డకు ఏడుపు తప్ప దక్కేదేమీ లేదు.

కాబట్టి చూడాల్సింది బిడ్డ వీలు. మెడ గట్టిగా నిలవాలి, సాయం లేకుండా కూర్చోగలగాలి. ముందు మాడు చాలామంది పిల్లల్లో 12 నుంచి 18 నెలల మధ్య పూడుకుంటుంది. ఏడాది దాటాక అయితే మరీ నిశ్చింత. తల మీద పుండ్లో పెచ్చులో ఉన్నా, జ్వరం ఉన్నా ప్రయాణం వాయిదా వేయాల్సిందే, టికెట్లు పోయినా సరే. దేవుడి మొక్కుకు గడువు పెట్టేది మనుషులే.

ఇక బ్లేడు. ఒకరి రక్తం అంటిన బ్లేడు ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి, హెచ్ఐవి లాంటివి సోకే ప్రమాదం ఉంది. తిరుమల కల్యాణకట్ట అయినా, ఇంటికి పిలిచిన మంగలి అయినా కొత్త బ్లేడు కళ్లముందే విప్పించుకోవాలి. అడగడానికి మొహమాటపడకూడదు. గోరువెచ్చని నీళ్లతో తల బాగా తడిపాకే కత్తి పెట్టించాలి. గుండయ్యాక కొన్నాళ్లు ఎండ తగలకుండా టోపీ ఉండాలి.

మొక్కు లేని ఇంట్లో అసలు తీయించకపోయినా బిడ్డకు ఏ నష్టమూ లేదు. మొక్కు ఉన్న ఇంట్లో పెద్దలు పంచాంగం తెరిచే ముందు బిడ్డను రోజూ ఎత్తుకునే తల్లిని ఒక మాట అడగండి. ఆమె ఇంకో మూడు నెలలు ఆగుదామంటే ఆగండి.