నలభై మూడేండ్లకు లారీ నేర్సుకుంటడట మా బామ్మర్ది

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల మా బామ్మర్ది ఫోన్ చేసిండు. "బావా, నేను లారీ నేర్సుకుంటె ఎట్లుంటది?" అన్నడు. ఆయనకు 43 ఏండ్లు. పదహారేండ్లప్పుడు సాంచెల కాడ నిలవడ్డడు, ఇప్పటిదాక సాంచెలే. కారు స్టీరింగ్ కూడ ఎన్నడు పట్టలే. నేను నవ్విన. అటుదిక్కు నవ్వు రాలే. మనిషి ఊకె అడుగుతలేడని అప్పుడు సమజైంది.

సిరిసిల్ల సంగతి ఎరుక లేనోళ్ళకు చెప్తున్న. సాంచె అంటే మరమగ్గం. 2017ల బతుకమ్మ చీరెల ఆర్డర్లు వచ్చినంక కొన్నేండ్లు పనికి తిప్పలు లేకుండె. సర్కారు మారినంక ఆ ఆర్డర్లు ఆగినయి, 2024ల కార్ఖానాలకు తాళాలు వడ్డయి. తర్వాత మహిళా సంఘాల చీరెల ఆర్డర్ వచ్చింది, సాంచెలు మల్ల తిరిగినయి. గానీ ఆ నడుమ కొన్ని నెలలు ఇంట్ల కూసున్న మనిషికి ఒక భయం వట్టుకున్నది. ఆర్డర్ ఎప్పుడస్తదో, ఎప్పుడు ఆగుతదో హైదరాబాద్‌ల ఎవరో నిర్ణయం చేస్తరు, ఇంటి కిరాయి మాత్రం ఒకటో తారీఖున కట్టాలె.

ఇది ఒక్క మా ఇంటి ముచ్చటైతే రాయకపోదును. నలభై దాటినంక పని మార్సుకుందమని సూస్తున్నోళ్ళు ఊరికి పదిమంది ఉన్నరు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినోళ్ళు, కౌలు ఇడిసినోళ్ళు, దుకాణం మూసినోళ్ళు. అందరి నోట్ల లారీ మాట వినవడుతున్నది. ఎందుకంటే దేశంల డ్రైవర్ల కరువున్నదని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ పలుమార్లు చెప్పిండు. 22 లక్షల మంది తక్కువున్నరన్నది ఆయన లెక్క. ఆ వీడియో మా బామ్మర్ది ఫోన్ల జూసిండు. సిరిసిల్లకు దగ్గర్లనే, తంగళ్ళపల్లి మండలం మండెపల్లిల, అశోక్ లేలాండ్ కంపెనీ రాష్ట్ర సర్కారుతోని కలిసి నడిపే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉన్నది. సాంచెలు ఆగిన ఊరు, దాని పక్కకే లారీ బడి, ఢిల్లీల మంత్రి నోట 22 లక్షల కొలువులు. ఎవలికైనా ఆశ పుడుతది. నాకూ పుట్టింది. పది దినాలు తిరిగిన, రూల్స్ సదివిన, లారీల అడ్డా కాడ కూసోని ఉస్తాదులతోని మాట్లాడిన. నాకు సమజైంది ఏందంటే, నలభై మూడేండ్లకు లారీ నేర్సుకునుడు కష్టమే గానీ అయితది. దేశంల డ్రైవర్లు తయారైతలేరని కాదు, తయారైనోళ్ళు సీట్ల నుంచి దిగిపోతున్నరు. ఎందుకు దిగుతున్నరో ఎరుక జేసుకోకుండ మనం ఎక్కొద్దు.

మొదలు కాయిదాల సంగతి. హెవీ లైసెన్సుకు నేరుగ పోరాదు. మోటారు వాహనాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం, కారసొంటి లైట్ వెహికిల్ లైసెన్సు ఏడాది పాటు చేతుల ఉంటేనే ట్రాన్స్‌పోర్ట్ బండికి లెర్నింగ్ ఇస్తరు. బైకు లైసెన్సు లెక్కల రాదు. మా బామ్మర్దికి ఉన్నది అదొక్కటే. ఇయ్యాల మొదలువెడితే లెర్నింగు, లైట్ లైసెన్సు, ఏడాది ఆగుడు, మల్లొక లెర్నింగు, శిక్షణ, టెస్టు. అన్నీ అయ్యేసరికి 45 దగ్గరికొస్తడు. ఎనుకట ఎనిమిదో తరగతి సదివి ఉండాలె అన్న నిబంధన ఉండె. 2019ల తీసేసిండ్రు. అది మేలైంది, మావోడు ఆరో తరగతిల బడి ఇడిసిండు.

ఆ ఏడాది ఊకె కూసునే పని లేదు. 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. లైట్ వెహికిల్ లైసెన్సు ఉన్నోడు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి కూడ తోలొచ్చు, దానికి వేరే పర్మిషన్ అక్కర లేదు అన్నది. అంటే లైట్ లైసెన్సు రాంగనే పికప్, ట్రాలీ ఆటో అసొంటివి తోలి పైసలు సంపాదిస్తనే ఏడాది గడుపొచ్చు. ఈ తీర్పు సంగతి మా దిక్కు మస్తు మందికి తెల్వదు. ఇరవై ఏండ్లు నిండిన తమ్ముళ్ళకు కూడ ఇది పనికొస్తది.

ఇగ బడి. మామూలు డ్రైవింగ్ స్కూల్ల ట్రాన్స్‌పోర్ట్ బండి నేర్పాలంటే కనీసం 30 దినాలు, అందుల 15 గంటలు బండి మీద అని కేంద్ర రూల్స్‌ల ఉన్నది. 2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కొత్త రూల్స్ వచ్చినయి. హెవీకి ఆరు వారాలు, 38 గంటలు. సిమ్యులేటర్ ఉండాలె, ట్రాక్ ఉండాలె. అక్కడ పాసైతే మల్ల ఆర్టీవో కాడ టెస్టు అక్కరలేదు. కాయిదం మీద మంచిగనే ఉన్నది.

గానీ మేమిద్దరం పోయి అడిగిన ఒక స్కూలాయన (ఊరు, పేరు రాయను) చెప్పింది వేరే. "టెస్టు నాడు వస్తే సాలు, ఫారం 5 మేమే ఇస్తం." ఫారం 5 అంటే ఈ మనిషి మా కాడ శిక్షణ తీసుకున్నడని స్కూల్ ఇచ్చే సర్టిఫికెట్. "మరి బండి ఎవరు నేర్పుతరు సార్?" అని మా బామ్మర్ది అడిగిండు. "అది రోడ్డు మీద అదే వస్తది" అన్నడాయన. బయటికొచ్చినంక మా బామ్మర్ది శానాసేపు మాట్లాడలే. 28 టన్నుల బండి రోడ్డు మీద అదే ఎట్లొస్తది?

ఎనుకట ఎట్ల నేర్సుకున్నరని అడ్డా కాడ ఒక పెద్ద ఉస్తాదును అడిగిన. క్లీనర్‌గ ఎక్కిండట. టైర్లు కొట్టి గాలి సూసుడు, పరదా కట్టుడు, తాళ్ళు గుంజుడు, అద్దం పక్కకు తల పెట్టి రివర్స్ చెప్పుడు. నాలుగేండ్లకు ఉస్తాదు ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చిండట. "ఖాళీ బండి ఎవడైనా తోలుతడు బిడ్డా, లోడు బండి ఆపుడే డ్రైవింగు" అన్నడు. ఘాట్ ఏ గేర్ల ఎక్కినవో అదే గేర్ల దిగాలె. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ కొడితే భారం మొత్తం బ్రేకుల మీదనే వడ్తది, కాలి కాలి ఆఖరుకు పట్టు ఇడుస్తయి. ఇసొంటివి ఆయన ఒక్క గంటల పది చెప్పిండు. ఇప్పుడు క్లీనర్‌ను పెట్టుకునేటోళ్ళు తగ్గిండ్రు, జీతం దండుగ అంటరు. ఆ నాలుగేండ్ల చదువు బంద్ అయింది. దాని జాగల వచ్చింది 38 గంటలు, లేకుంటే ఫారం 5.

సాంచెల మనిషికి ఇది కొత్త గాదని నేననుకుంటున్న. ఎనిమిది సాంచెలు ఒక్కసారి నడుస్తుంటే ఎక్కడ పోగు తెగిందో కంటి కొసతోని పట్టేటోడు ఆయన. పన్నెండు గంటలు నిలవడి పని చేసిండు, రాత్రి షిఫ్ట్ అలవాటే. ఇరవై ఏండ్ల పోరనికి ఉన్న తొందర ఆయనకు లేదు. డ్రైవర్‌కు కావాల్సిన గుణాలల్ల సగం ఆయన కాడ ఉన్నయి.

మిగిలిన సగం ఒంటి సంగతి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఫారం 1ఏ అని డాక్టర్ సర్టిఫికెట్ కావాలె. అందుల డాక్టర్‌ను అడిగే ప్రశ్నలు సదివితే నాకు కడుపుల దేవినట్టయింది. మంచి వెలుతుర్ల 25 మీటర్ల దూరం నుంచి బండి నంబర్ ప్లేట్ సదువగలుగుతడా? రేచీకటి ఉన్నదా? మామూలు హారన్ అసొంటి చప్పుళ్ళు వినలేనంత చెవుడు ఉన్నదా? ఇరవై ఏడేండ్లు సాంచెల చప్పుడుల ఉన్న మనిషిని ఈ ప్రశ్న అడుగుతున్నరు! మా బామ్మర్ది ఇంట్ల టీవీ ఎంత సౌండ్ పెడతడో మాకెరుకే. సిరిసిల్లల చెవుడు ఒక రోగం గాదు, అది పనితోని వచ్చే బోనస్. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేండ్లకే. 45కు తీసుకుంటే 50కి, 55కు మల్ల డాక్టర్ ముందు నిలవడాలె. నడుమ షుగర్ వచ్చినా, కండ్లు మందగించినా కొలువుకు ముప్పు రావొచ్చు.

సరే, అన్నీ దాటి సీట్ల కూసున్నడు అనుకుందాం. ఆ సీటు ఎట్లుంటది?

నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలె అన్న రూల్ ఒకటి ఉండె. ఒకడు తోలితే ఒకడు పండుకోవాలె. 2018ల ఆ రూల్ తీసేసిండ్రు. అదే ఏడాది లారీలు మోసే బరువు పెంచిండ్రు. మూడు యాక్సిళ్ళ లారీ, అంటే పది టైర్ల బండి, లోడుతోని కలిపి మొత్తం 25 టన్నులు ఉండేది 28.5 టన్నులు చేసిండ్రు. ఒక్క ఏడాదిలనే బరువు పెరిగింది, మనిషి తగ్గిండు. ఇద్దరు చేసే పని ఒక్కడు చేస్తే ఆ మిగిలిన జీతం ఎవల జేబుల వడ్డదో ఎవలూ అడుగలే. ఇప్పుడు అదే సర్కారు డ్రైవర్లు దొరుకుతలేరు అంటున్నది.

1961ల మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అందుల రాసి ఉండె. దూరం పోయే బండ్లకు ఎక్కువల ఎక్కువ రోజుకు 10 గంటలు. మంచి చట్టమే. గానీ ఐదుగురు, అంతకంటె ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే అది లాగుండె. మన దిక్కు లారీలల్ల శానామట్టుకు ఒకటి రెండు బండ్ల సేట్లయే. వాళ్ళ డ్రైవర్‌కు ఈ చట్టం ఉన్నా లేనట్టే ఉండె. 2020ల దీన్ని కూడ కార్మిక కోడ్‌లల్ల కలిపిండ్రు. సేవ్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ విజయవాడతో కలిపి పది నగరాలల్ల లారీ డ్రైవర్లను అడిగి 2020ల ఒక రిపోర్ట్ ఇచ్చింది. సగటున రోజుకు దగ్గర దగ్గర 12 గంటలు తోలుతున్నరని అందుల ఉన్నది. నిద్ర వస్తున్నా బండి ఆపకుండ తోలుతమని సగం మంది ఒప్పుకున్నరు. ఈ పనికి మీ ఇంటోళ్ళను రమ్మంటరా అని అడిగితే నూటికి 84 మంది రమ్మనం అన్నరు. మంత్రిగారి 22 లక్షల లెక్కకు జవాబు ఇందుల ఉన్నది.

భయం ఇంకోటున్నది. కొత్త భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్‌ల, యాక్సిడెంట్ చేసి మనిషి సచ్చిపోతే, పోలీసులకు చెప్పకుండ పారిపోయినోడికి పదేండ్ల దాక జైలు అని రాసిండ్రు. 2024 జనవరి మొదటి రోజులల్ల లారీలు ఆగినయి, హైదరాబాద్ పెట్రోల్ బంకుల కాడ బారులు కట్టిన బండ్లు మీకు యాదికుండొచ్చు. జులైల కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కను పక్కకు వెట్టిండ్రు. పక్కకే, తీసేయలే. గుద్ది ఇడిసిపెట్టి పోవుడు తప్పే, దాంట్ల నాకు అనుమానం లేదు. గానీ ఆగితే జనం కొట్టి సంపుతరన్న భయం కూడ నిజమే. ఆ భయానికి సర్కారు ఏం చేసిందో చెప్పకుండ పదేండ్లు అంటే ఎట్ల? అడ్డా కాడ నేను మాట్లాడిన డ్రైవర్లు జీతం కంటె ముందు దీని ముచ్చటే తీసిండ్రు.

2025 నుంచి కొత్త లారీలల్ల ఏసీ క్యాబిన్ పెట్టాలని రూల్ వచ్చింది. మంచిదే, ఇంజన్ వేడికి తొడలు కాలేటోడికి ఎంతో నయం. గానీ సల్లటి క్యాబిన్‌ల పద్దెనిమిది గంటలు తోలిపిస్తే నిద్ర ఇంకా జల్ది వస్తది గదా.

నేను లారీ పని వద్దంటలేను. సాంచెల కాడ నెలకు పదివేలు దాటని మనిషికి, పద్దెనిమిది వేలు, బత్తా వేరే అని ఒక సేటు చెప్పిండు. అది తక్కువ మాట గాదు. గానీ పాత పనిల తిన్న దెబ్బే కొత్త పనిల తినొద్దని నా బాధ. ఆరు వారాలు బడికి పోతే ఇంట్ల బియ్యం ఎవరు తెస్తరు? శిక్షణ రోజులకు కూలి కట్టియ్యాలె, అదీ ఇరవై ఏండ్లోళ్ళకే గాదు, పని పోయిన నలభై ఏండ్లోళ్ళకు కూడ. ఇద్దరు డ్రైవర్ల రూల్ మల్ల తేవాలె. సేటుకు ఒక్క బండి ఉన్నా సరే డ్రైవర్‌కు చేతుల కాయిదం ఉండాలె, ఎన్ని గంటలు, ఎంత జీతం, దెబ్బ తగిలితే ఎవరు సూస్తరు అని. నెల జీతం 21 వేలు దాటకుంటె ఈఎస్ఐ పరిమితి లోపలనే ఉన్నట్టు. మరి ఎంతమంది లారీ డ్రైవర్ల కాడ ఆ కార్డు ఉన్నదో మీ ఊర్లనే అడిగి సూడుండ్రి. నేనడిగిన పదకొండు మందిల ఒక్కని కాడ కూడ లేదు.

తమ్ముళ్ళు మీరు కూడ ఈ పనికి పోతరు, పోవాలె కూడ. ఫారం 5 అమ్మేటోని కాడికి మాత్రం పోకుండ్రి. బండి ఎక్కేముందు సేటును మొదలు అడిగే మాట జీతం గాదు, రెండో డ్రైవర్ ఉన్నడా అని.

మా బామ్మర్దికి మొన్న లైట్ వెహికిల్ లెర్నింగ్ వచ్చింది. చెవులు కూడ సూపిచ్చుకున్నడు. ఎడమ చెవి కొద్దిగ తక్కువున్నదట, ఇప్పటికైతే నడుస్తదన్నడట డాక్టర్. రాత్రి షిఫ్టుకు సాంచెల కాడికే పోతున్నడు, పొద్దుగాల ఒక దోస్తు కారు మీద క్లచ్ పట్టుడు నేర్సుకుంటున్నడు. లైసెన్స్ రాంగనే ఏడాది దాక పికప్ తోలుతనంటున్నడు. రాత్రి బండి మాత్రం ఎక్కొద్దని మా చెల్లె ఇప్పటికే ఒట్టు పెట్టిచ్చుకున్నది.