తెరవడం నేర్పాం, మూయడం నేర్పలేదు

పుదుచ్చేరి కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పే మాలాంటివాళ్లం ఇన్నేళ్లుగా పిల్లలకు చేస్తూ వచ్చిన అన్యాయం ఒకటుంది. యానాం నుంచీ, ఆంధ్ర జిల్లాల నుంచీ ఇక్కడికొచ్చి చదువుకున్న తెలుగు పిల్లలూ అందులో ఉన్నారు. ఫైలు తెరవడం నేర్పాం. దాన్ని ఎవరు, ఎప్పుడు మూయాలో నేర్పలేదు.

ల్యాబ్ పరీక్షలో జరిగేది చూడండి. విద్యార్థి ప్రోగ్రాం ఫైలు తెరుస్తుంది, చదువుతుంది, మధ్యలో ఏదైనా తేడా వస్తే రిటర్న్ అని బయటపడుతుంది. ఆ దారిలో క్లోజ్ ఉండదు. అవుట్‌పుట్ సరిగానే వచ్చింది కదా అని మేం రికార్డు మీద సంతకం పెట్టేస్తాం. ప్రాసెస్ ముగియగానే అది తెరిచినవన్నీ కెర్నలే మూసేస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. రెండు సెకన్లు నడిచే ప్రోగ్రాంకు దొరికే ఈ మాఫీ, నెలల తరబడి నడిచే సర్వర్‌కు దొరకదు. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఉండే పరిమితి 1024 డిస్క్రిప్టర్లు, అంటే తెరిచినవాటికి కెర్నల్ ఇచ్చే అంకెలు. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ తాలూకు ఎఫ్‌డీ డైరెక్టరీలో చూస్తే 3, 4, 5 అంటూ మొదలైన అంకెలు పెరుగుతూ పెరుగుతూ 1023 దాకా పోతాయి. ఇక కొత్త ఫైలే కాదు, కొత్త కనెక్షన్ కూడా తీసుకోదు: ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మన పూర్వవిద్యార్థి సర్వర్‌ను రీస్టార్ట్ చేసి ఊపిరి పీల్చుకుంటాడు. జబ్బు అలాగే ఉంటుంది.

నేర్పకపోవడం ఒక ఎత్తు, తప్పు నేర్పడం ఇంకో ఎత్తు. సిగ్నల్ అడ్డుపడి సిస్టమ్ కాల్ విఫలమైతే మళ్లీ పిలవమని అన్నిటికీ ఒకే మంత్రం చెప్పాం. క్లోజ్‌కు అది చెల్లదు. లినక్స్‌లో ఆ ఎర్రర్ వచ్చేసరికే డిస్క్రిప్టర్ విడుదలైపోయి ఉంటుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో తిరిగిచ్చిన టోకెన్ తర్వాతి మనిషికి పోయినట్టే, ఆ అంకె ఈలోగా వేరే థ్రెడ్ తెరిచిన ఫైలుకు పోవచ్చు. రెండోసారి క్లోజ్ అంటే ఆ రెండోవాళ్ల ఫైలు మూసినట్టు! క్లోజ్ సున్నా ఇచ్చినంత మాత్రాన డేటా డిస్కు మీదికి చేరినట్టు కాదనీ, దానికి ఎఫ్‌సింక్ కావాలనీ కూడా గట్టిగా చెప్పలేదు.

మూయాల్సింది మూయకపోతే అయ్యే ఖరీదు 2024 జనవరిలో ప్రపంచం చూసింది. డాకర్ కంటైనర్లను నడిపే రన్‌సీలో, హోస్టు యంత్రపు డైరెక్టరీకి తెరిచిన ఒక డిస్క్రిప్టర్ మూతపడకుండా కంటైనర్ లోపలికి జారింది. దాని ఆసరాతో లోపలివాడు బయటి యంత్రం ఫైళ్లను అందుకోగలిగేవాడు. 1.1.12 వెర్షన్‌లో సరిదిద్దారు. కొత్త ప్రోగ్రాంలోకి డిస్క్రిప్టర్ జారకుండా తెరిచేటప్పుడే గుర్తు పెట్టే ఓ-క్లోఎగ్జెక్ సదుపాయం లినక్స్‌లో 2007 నుంచీ ఉంది. ఒక వరుస మొత్తాన్ని ఒకేసారి మూసే క్లోజ్-రేంజ్ 2020లో వచ్చింది. మేం రాసుకున్న ల్యాబ్ మాన్యువళ్లలో ఈ రెండిటికీ చోటు దొరకలేదు.

తోటి అధ్యాపకులకు నా మనవి ఒకటే. ఈ సెమిస్టర్ నుంచి యూలిమిట్‌తో పరిమితిని 16కి దించి, విద్యార్థి రాసిన ఫంక్షన్‌ను ఒకే ప్రాసెస్‌లో వెయ్యిసార్లు పిలిపించండి, లేని ఫైలు పేరూ పాడైన ఫైలూ ఇచ్చి చూడండి. అది తట్టుకుంటేనే రికార్డు మీద సంతకం పెట్టండి.