చివరిసారి ఎప్పుడు బాగున్నారు?

"ఎప్పుడు వచ్చింది?" అని అడగడానికీ, "చివరిసారి ఎప్పుడు బాగున్నారు?" అని అడగడానికీ తేడా ఏమిటో, వ్యాకరణ పాఠాలు చెప్పుకు బతికే నాకు 2010 దాకా తెలియలేదు. తెలిసిన రోజున తెలియకపోతేనే బాగుండునని అనిపించింది.

మా నాన్నగారు ఆ రాత్రి పదింటికి మజ్జిగ తాగి పడుకున్నారు. తెల్లవారుఝామున అయిదింటికి అమ్మ లేపబోతే కుడిచెయ్యి వాలిపోయి వుంది. మూతి ఓ పక్కకు లాగేసింది. మాట లేదు. అయిదింటికి చూశాం గనుక అయిదింటికే వచ్చిందని మా లెక్క. ఏడింటికల్లా ఆసుపత్రికి చేర్చాం, రెండు గంటలేగదా అని లోలోపల ధైర్యం. డాక్టరుగారు మా లెక్క ఒప్పుకోలేదు. "ఆయన బాగుండగా మీరు ఆఖరున చూసింది ఎప్పుడు?" అన్నారు. "రాత్రి పదింటికి" అన్నది అమ్మ. అంతే, రెండు గంటలు కాస్తా తొమ్మిది గంటలై కూర్చున్నాయి. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల ఎక్కించాలట. ఆ తర్వాత ఎక్కిస్తే మెదడులోనే నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుందట. డాక్టరుగారిని తప్పు పట్టను. అప్పటికి వైద్యం అంతవరకే వచ్చింది. నాన్నగారు మరో ఆరేళ్ళు బతికారు. పద్యం ఎత్తుకుంటే వీధి చివరికి వినపడే మనిషి, ఆ ఆరేళ్ళూ ‘ఊఁ’, ‘ఉహుఁ’లతో వెళ్ళదీశారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మొన్న మాఘమాసంలో మా పై వాటాలో అచ్చంగా అదే జరిగింది. పై వాటా పిన్నిగారికి డెబ్భై దాటాయి. రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ కట్టేసి పడుకున్నారు. అయిదింటికి వాళ్ళ అబ్బాయి తలుపు కొట్టి, "మాస్టారూ, ఒక్కసారి పైకి రండి" అన్నాడు. వెళ్ళి చూద్దును గదా, అదే వాలిన చెయ్యి, అదే మూతి. నా కాళ్ళు వణికాయి.

ఆ అబ్బాయి చదువుకున్నవాడు. నాలుగున్నర గంటల సంగతి వాడికీ తెలుసు. "ఏడున్నర గంటలైపోయింది మాస్టారూ! గడువు దాటాక పరుగెత్తి ఏం లాభం? తెల్లవారాక నెమ్మదిగా తీసుకువెడదాం" అన్నాడు. ఎదురింటివారెవరో పావురం నెత్తురు రాయమని సలహా చెబుతున్నారు. ఏమీ తెలియనివాడయితే ఏడుస్తూనైనా పరుగెత్తేవాడు. సగం తెలిసినందువల్ల వీడు కుర్చీలో కూలబడ్డాడు.

నాకు తెలిసింది కూడా సగమే. కాని అది రెండో సగం. మా అక్కయ్య కొడుకు నరాల వైద్యంలో పై చదువు చదువుతున్నాడు. తాతగారి కథ విని పెరిగినవాడు గనుక ఎప్పుడు వచ్చినా ఆ ప్రస్తావన తెస్తాడు. వాడు చెప్పిందేమిటో ముందు చెబుతాను, ఆ తర్వాత పిన్నిగారి దగ్గరకు వద్దాం.

మెదడులో ఒక పెద్ద ధమనికి గడ్డ అడ్డం పడిందనుకోండి. దాని కిందనున్న భాగమంతా ఒక్కసారిగా చచ్చిపోదు. మా డెల్టాలో పంటకాలువ పూడిపోతే ఏమవుతుంది? కాలువనే నమ్ముకున్న మడి ముందు ఎండుతుంది. పక్క బోదెలనుంచి కాస్తో కూస్తో తడి అందే మళ్ళు వాడిపోయి కూడా కొంతకాలం ప్రాణం నిలుపుకుంటాయి. మెదడులోనూ అలాంటి పక్కదారులున్నాయి. చచ్చిన భాగం చుట్టూ, పని మానేసినా ప్రాణమున్న భాగం ఒకటి వుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి గ్రహణాల లెక్కలోంచి మాట తీసి ‘పెనంబ్రా’ అని పేరు పెట్టారు. మన పుస్తకాల్లో ఉపచ్ఛాయ అంటాం, పూర్తి చీకటి చుట్టూ వుండే మసక నీడ. మాట బాగా కుదిరిందని నాకు ముచ్చట వేసింది. రోగి మంచం పక్కన నిలబడి ముచ్చటపడే మాట కాదనుకోండి.

ఈ మసక నీడ ఎంతసేపు నిలుస్తుందనేది ఆయా మనిషి పక్క బోదెల మీద ఆధారపడి వుంటుంది. ఒకరికి రెండు గంటల్లో అంతా అయిపోతుంది. మరొకరికి పన్నెండు గంటలైనా సగం మిగిలే వుంటుంది. అయితే వైద్యులు చాలాకాలం గడియారాన్నే నమ్ముకున్నారు. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన కరిగించే మందుకు మూడు గంటల గడువు పెట్టింది. 2008లో యూరపువారు దాన్ని నాలుగున్నరకు పొడిగించారు. పెద్ద ధమనిలో పెద్ద గడ్డ వుంటే ఆ మందుకు తరచు లొంగదు. అందుచేత దాన్ని బయటికే లాగేసే పద్ధతి కనిపెట్టారు. తొడ మూలంలో చిన్న రంధ్రం చేసి, ధమనిలోంచి సన్నని గొట్టం పంపిస్తారు. ఎక్స్-రేలో చూసుకుంటూ గుండె మీదుగా, మెడ మీదుగా మెదడుదాకా తీసుకువెడతారు. గడ్డలో చిన్న తీగెల వల విప్పి, గడ్డ అందులో చిక్కుకున్నాక వెనక్కి లాగుతారు. కొందరు గొట్టంతోనే పీల్చేస్తారు. 2015లో హాలెండువారి పరిశోధన, దాని వెనకే మరికొన్ని, ఈ పద్ధతి పనిచేస్తుందని రుజువు చేశాయి. అక్కడా గడియారం వుంది. ఎక్కువగా ఆరు గంటల లోపలి రోగులనే తీసుకున్నారు.

మరి నిద్రలో పడిపోయినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు నిజంగా ఎప్పుడు వచ్చిందో దేవుడికే ఎరుక. ఈ ప్రశ్న పట్టుకున్న పరిశోధన పేరు ‘డాన్’, అంటే తెల్లవారుఝాము! తెల్లవారి లేవలేని వాళ్ళకోసం చేసిన పనికి ఇంతకన్న మంచి పేరు మా తెలుగు శాఖవాళ్ళం కూడా పెట్టలేం. బాగుండగా ఆఖరున చూసి ఆరు గంటలనుంచి ఇరవైనాలుగు గంటలదాకా అయినవాళ్ళను తీసుకున్నారు. అయితే అందరినీ కాదు. మెదడు బొమ్మ తీసి, చచ్చిన భాగం చిన్నదిగానూ, మనిషికి వచ్చిన నష్టం పెద్దదిగానూ వున్నవాళ్ళనే ఎంచారు. నష్టం అంత వుండి చచ్చింది ఇంతే అయితే, మిగిలినది మసక నీడలో బతికే వుందన్నమాట. 500 మందిదాకా పరీక్షించాలనుకున్నది 206 మంది దగ్గరే ఆపేశారు, తేడా అంత స్పష్టంగా కనిపించింది. మూడు నెలల తర్వాత చూస్తే, గడ్డ తీసినవాళ్ళలో నూటికి 49 మంది తమ పనులు తాము చేసుకుంటున్నారు. మామూలు వైద్యం జరిగినవాళ్ళలో 13 మందే. ఆ ఫలితాలు 2017లో ప్రాగ్ నగరంలో చదివారు. 2018 జనవరిలో స్టాన్‌ఫర్డు వైద్యుల ‘డిఫ్యూజ్ 3’ వచ్చింది. పదహారు గంటలదాకా చూసిన ఆ పరిశోధనలో ఇవే అంకెలు 45, 17. అదే నెలలో అమెరికాలో వైద్య నిబంధనలు మార్చారు.

ఈ అంకెలు మా మేనల్లుడు మొదట చెప్పిన రోజు నేను అన్నం దగ్గరనుంచి లేచిపోయాను. మా ఆవిడ వాణ్ణి కోప్పడింది. వాడి తప్పేముంది? ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా పడిపోయి వుంటే, అని నాన్నగారిని గురించి అనుకునే దౌర్భాగ్యం నాది.

ఆ తెల్లవారుఝామున అందుకే గట్టిగా అరిచాను. "గడువు సంగతి తేల్చేది నువ్వూ నేనూ కాదురా! బొమ్మ తీశాక వాళ్ళు తేలుస్తారు. లే!" అన్నాను. మేనల్లుడికి ఫోను చేస్తే వాడు మూడు మాటలు చెప్పాడు. నోట్లో ఏమీ పొయ్యవద్దు, ఆస్పిరిన్ కూడా వెయ్యవద్దు. నెత్తురు కారి వచ్చిన పక్షవాతమో, గడ్డ అడ్డుపడి వచ్చినదో బొమ్మ తీస్తేగాని తెలియదు. గడ్డ లాగే సదుపాయం ఉన్నచోటికే నేరుగా వెళ్ళండి, లేనిచోట ఆగి గంటలు పోగొట్టుకోకండి. బెజవాడలో ఒకచోట వుందని వాడే కనుక్కున్నాడు. ఎనిమిదింటికి చేరాం. అక్కడా అదే ప్రశ్న. "రాత్రి తొమ్మిదిన్నరకు" అంటూ అబ్బాయి తల వంచుకున్నాడు. డాక్టరు రాసుకుని, "సరే, బొమ్మ చూద్దాం" అన్నది. ఆ ‘సరే’ కోసం నేను పదిహేనేళ్ళు ఎదురుచూసినట్టనిపించింది.

ఎడమవైపు పెద్ద ధమనిలో గడ్డ. చచ్చినభాగం చిన్నదే. పదింటికి ధమని తెరుచుకుంది, అంటే పన్నెండున్నర గంటలకు. ఖర్చు లక్షల్లో మాట. కోడలు గాజులు అప్పుడే చేతినుంచి దిగాయి. ఇలాంటి సదుపాయం పెద్ద నగరాల్లో తప్ప లేకపోవడం మరో దుఃఖం.

అదే గదిలో ఇంకొకాయనను పడిపోయిన మూడు గంటలకే తీసుకువచ్చారు. బొమ్మలో మెదడు చాలాభాగం అప్పటికే పోయివుంది. 2022, 23లలో వచ్చిన జపాను, చైనా పరిశోధనలు అలాంటివారికి కూడా గడ్డ తీస్తే కొంత మేలేనంటున్నాయి గనుక తీశారు. ఆయన దక్కలేదు. గడియారం మాట వట్టిదని నేను అనబోవడం లేదు. పెద్ద ధమని మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నరకణాలు చస్తాయని 2006లో లెక్క కట్టారు. ఇరవైనాలుగు గంటల వ్యవధి వుంది గదా అని కాఫీ తాగి బయలుదేరేవాళ్ళకు ఆ మసక నీడ ఆగదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో చాలామందికి బొమ్మ ‘కాదు’ అనే చెబుతుంది.

పిన్నిగారు ఇప్పుడు చేతికర్రతో మేడ మెట్లు దిగుతున్నారు. ముగ్గు గీత వంకర పోతోంది. ‘తాళంచెవి’ అనబోయి ‘దువ్వెన’ అంటారు, అని నవ్వుకుంటారు. మొన్న సాయంత్రం మా అరుగుమీద కూర్చుని, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, ఓ సంగతి చెప్పారు. ఆ రాత్రి ఒంటిగంటకు తను లేచి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగారట. గ్లాసు బోర్లించి మళ్ళీ పడుకున్నారట. వాళ్ళ అబ్బాయి నా మొహం చూశాడు. అయిదింటికి మేం లెక్కపెట్టిన ఏడున్నర గంటలు, నిజానికి నాలుగు గంటలు కూడా కావన్నమాట.